ఆరో డ్రమ్ము ఎవరెత్తుకెళ్లారు?

బొగ్గుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గోనెపట్టా ఉంది, పట్టా మీద గుండ్రటి అచ్చు ఉంది, ఆ అచ్చు మీద ఉండాల్సిన డ్రమ్ము మాత్రం లేదు.

సెల్విన్ పెంబర్టన్ పట్టా ఎత్తి కిందకి చూశాడు. అంత పెద్ద డ్రమ్ము దాని కింద దాక్కోదని అతనికీ తెలుసు. అయినా చూశాడు. చూసి, ఆ పట్టా మీదే చతికిలబడ్డాడు.

"ఎవడో ఎత్తుకెళ్లాడు, అయాంతీ," అన్నాడు.

అయాంతి లిబర్డ్ గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, ఇంకా బస్సు కండక్టరు కోటు కూడా విప్పలేదు. సాయంత్రం ఆరింటికి పార్కులో పోటీ. కార్నివాల్ ఊరేగింపు సోమవారం, దానికి ముందు శనివారం స్టీల్ బ్యాండ్ల పోటీ. దీవుల నుంచి ఈ తెల్లవాళ్ల దేశానికి వలస వచ్చినవాళ్ల పేట చాపెల్‌టౌన్‌లో సగంమంది ఏడాదంతా ఎదురుచూసేది దీని కోసమే. ఈసారి ఆరు పెద్ద డ్రమ్ముల మధ్య నిలబడి లోతైన బేస్ స్వరాలు వాయించాల్సింది అయాంతి. ఆ చోట ఇంతవరకు ఏ ఆడమనిషీ నిలబడలేదు. పాతాయన నడుం పట్టేసి తప్పుకున్నాక, బ్యాండు పెద్దలు చాలా సణిగి, చివరికి ఒక్క పోటీకి ఒప్పుకున్నారు. ఇవాళ తేడా వస్తే ఆ చోటు వాళ్లలో ఒకాయన మేనల్లుడికి పోతుంది. ఆ కుర్రాడు ఇప్పటికే కొత్త చొక్కా కుట్టించుకున్నాడని కబురు.

"మిగతా అయిదింటితో లాగించెయ్యలేమా, బాబాయ్?" అంది.

సెల్విన్ ఆమెను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. అయిదు డ్రమ్ములు అప్పటికే పార్కు చేరాయి. ఆరోది కొత్తది. అన్నిటికంటే లోతైన స్వరాలు దానిలోనే ఉన్నాయి. పాట చివరంతా దాని మీదే నడుస్తుంది. అది లేకుండా వాయిస్తే చీకట్లో మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర కాలు గాల్లో పెట్టినట్టుంటుందని అతను వివరించాడు. ఒక మామూలు నూనె పీపా తీసుకుని, ఒకవైపు మూత కోసేసి, అడుగును వారాల తరబడి సుత్తితో కొట్టి గిన్నెలా లోపలికి దించి, అందులో మూడు స్వరాలు నిలబెట్టాడు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన రోజు నుంచి ఇంత మంచి డ్రమ్ము తన చేతిలో పుట్టలేదన్నాడు. వచ్చేపోయే పిల్లలు దాని మొహం మీద రాళ్లేస్తారని, గురువారం రాత్రి దాన్ని ఇక్కడ వాయించే మొహం కిందికీ, కోసిన నోరు పైకీ ఉండేలా తిరగేసి వెళ్లాడు. ఇప్పుడు లేదు.

మాటలు విని యుడోరా వంటింట్లోంచి బయటకొచ్చింది.

యుడోరా లిబర్డ్ అయాంతి తల్లి. సూట్ల ఫ్యాక్టరీలో కోట్లకు చేతులు కుట్టే మనిషి. నెవిస్ దీవి నుంచి వచ్చిన కొత్తలో ఒక్క తెల్ల ఇంటావిడా వాళ్లకు గది అద్దెకివ్వలేదు. తలుపు సందులోంచి చూసి గది నిండిపోయిందనేవారు. యుడోరా ఆ మాటలన్నీ కడుపులో పెట్టుకుని, చివరికి ఈ మూడంతస్తుల ఇల్లు కొనిపించి, ఓడ దిగిన వాళ్లందరికీ తనే గదులిచ్చింది. మొదటి అద్దెదారు సెల్విన్. నేలమాళిగలో దిగాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. కూతురు బేస్ వాయిస్తానన్నప్పుడు వీధి మొత్తం నవ్వితే, నవ్విన ఒక్కొక్కళ్ల ఇంటికీ వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడి మాట్లాడి వచ్చింది యుడోరా. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

సంగతి వినగానే ఆమె ఏప్రాన్ విప్పి కంచె మీద పడేసింది. వీధిలోకి వెళ్లి దొంగకు శాపనార్థాలు పెట్టడం మొదలుపెట్టింది. వాడి చేతులు వంకర పోవాలంది. వాడు తినే అన్నంలో ప్రతి ముద్దకూ రాయి తగలాలంది. కిటికీలు తెరుచుకున్నాయి. పాస్టరుగారి భార్య ఆమెన్ అంది. అంతలో యుడోరాకు ఏదో తట్టింది. వెనక్కి తిరిగి, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న భర్తను కిటికీ అద్దంలోంచి చూసింది.

"నువ్వేగా, జొసైయా," అంది.

జొసైయా లిబర్డ్ ఇనుం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడి మోతకు అలవాటుపడి ఇంట్లో మాట్లాడటం మర్చిపోయాడని యుడోరా అంటుంది. కానీ పోయిన ఆదివారం భోజనాల దగ్గర ఆయన నోరు తెరిచాడు. తన చిన్నప్పుడు డ్రమ్ము కొట్టేవాళ్లంటే సీసాలు పగలగొట్టుకునే రౌడీలనీ, తన సొంత తమ్ముడు అలాంటి గొడవలో తల పగిలి ఇంటికొచ్చాడనీ చెప్పాడు. ఆ ఆరో డ్రమ్ము వెనక తన కూతురు నిలబడగా తాను చూడనన్నాడు. ఆ మాట అందరూ విన్నారు.

ఇప్పుడు యుడోరా ఆ మాటనే తిరిగి అతని మొహాన కొట్టింది. జొసైయా పేపరు మడిచాడు. తీశానని అనలేదు, తియ్యలేదని అనలేదు. టోపీ పెట్టుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

"చూశారా, పారిపోయాడు," అంది యుడోరా వీధితో.

అయాంతి నమ్మలేకపోయింది. నాన్న అలాంటి పని చెయ్యడు. కానీ నాన్న ఎప్పుడూ అలా వెనక గుమ్మంలోంచి జారుకోడు కూడా.

సెల్విన్ మాత్రం జొసైయా మీదికి పోలేదు. అతని అనుమానం రుడాల్ఫ్ హాన్లీ మీద. రుడాల్ఫ్ అవతలి బ్యాండు నాయకుడు, మంగలి షాపు అతనిది. పైగా సెయింట్ కిట్స్ వాడు. నెవిస్‌కీ కిట్స్‌కీ మధ్య ఉన్నది సన్నటి సముద్రపాయే అయినా, రెండు దీవుల వాళ్లూ ఒకళ్లనొకళ్లు ఏదో ఖండం అవతలి మనుషుల్లా చూసుకుంటారు. ట్రినిడాడ్ వాడైన సెల్విన్‌కు ఇద్దరూ ఒకటే. చిన్న దీవుల వాళ్లు, పక్క మీద అటు నుంచి ఇటు దొర్లితే సముద్రంలో పడతారు అంటుంటాడు.

సెల్విన్, అయాంతి మంగలి షాపుకు వెళ్లేసరికి రుడాల్ఫ్ ఒకాయన గడ్డానికి నురగ పట్టించి కత్తి పదును పెడుతున్నాడు. సెల్విన్ నేరుగా అడిగేశాడు. కుర్చీలో ఉన్నాయన నురగతోనే తల తిప్పి చూశాడు. రుడాల్ఫ్ కత్తి పక్కన పెట్టాడు.

"నీ డ్రమ్ము నేనేం చేసుకోను, సెల్విన్? నువ్వు స్వరాలు పెట్టే తీరు ఈ భూమ్మీద నీకు తప్ప ఎవడికీ అర్థం కాదు. దొంగతనమే చెయ్యాలనుకుంటే ఈ పిల్లని ఎత్తుకెళ్తాను. ఏమ్మా, వస్తావా?"

"మా అమ్మని అడుగన్నా," అంది అయాంతి.

"అమ్మో, వద్దులే," అన్నాడు రుడాల్ఫ్.

కావాలంటే తన బేస్ డ్రమ్ము ఒకటి తీసుకెళ్లమన్నాడు. సెల్విన్ మొహం తిప్పుకున్నాడు. ఎవడి డ్రమ్ములో స్వరాల అమరిక వాడిది, ఇతరుల డ్రమ్ము ముందు నిలబడితే చెయ్యి అలవాటు కొద్దీ వెళ్లి తప్పుడు చోట పడుతుంది. అది రుడాల్ఫ్‌కూ తెలుసు. అందుకే ఇంకో మాట చెప్పాడు. చీట్లలో తన బ్యాండుకు ఆఖరి వంతు వచ్చింది. అది సెల్విన్‌కు ఇస్తానన్నాడు. కాలు విరిగినవాడితో పరుగుపందెం గెలిచాడని రేపటినుంచి ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ తనకు వినిపిస్తాడనీ, ఆ బాధ తాను పడలేననీ అన్నాడు. సెల్విన్ దగ్గు వచ్చినట్టు నటించి, సరే అన్నాడు. జడ్జీలతో మాట్లాడి వంతు మార్పించడానికి ఇద్దరూ కలిసి పార్కుకు బయల్దేరారు. కుర్చీలో ఆయన నురగతో అలాగే ఉండిపోయాడు.

ఇక మిగిలింది లిన్వాల్.

లిన్వాల్ జమైకా వాడు. జ్యూసు ఫ్యాక్టరీల నుంచి ఖాళీ పీపాలు కొనుక్కొచ్చి అమ్ముతాడు. అమ్ముడుపోనివి నిలువునా కోసి, కాళ్లు అతికి, కోడి కాల్చే పొయ్యిలు చేస్తాడు. కార్నివాల్ రోజుల్లో అతని పెరట్లోంచి వచ్చే పొగకు రెండు వీధుల అవతల కూడా నోరూరుతుంది. స్టీలు పీపా కనబడితే లిన్వాల్ చేతిలో రంపం దానంతటదే కదులుతుందని అందరూ అంటారు.

అయాంతి పరుగున అతని పెరట్లోకి అడుగుపెట్టింది. అక్కడ రెండు విషయాలు కనిపించాయి. ఒకటి, కొత్తగా కోసిన పొయ్యి, అంచులు ఇంకా మెరుస్తున్నాయి. రెండు, దాని పక్కన చేతిలో టోపీ పట్టుకుని నిలబడిన నాన్న.

ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైనట్టు అనిపించింది. నాన్న తెచ్చాడు, లిన్వాల్ కోశాడు, దాని మీద కోళ్లు కాలుతున్నాయి. ఎవరినీ పలకరించకుండా వెళ్లి పొయ్యి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. రెండు కొసలూ తడిమి చూసింది. చేతులు చురుక్కుమన్నాయి. రెండు వైపులా చదునుగా ఉన్నాయి. గిన్నె లేదు, సుత్తి దెబ్బలు లేవు. ఇది ఆ పీపా కాదు.

లేచి నిలబడింది.

"నాన్నా, నువ్వేనా?"

జొసైయా కూతురి మసి చేతులు చూశాడు.

"మీ అమ్మ నన్ను అడగలేదు. నువ్వేగా అంది. అలా అన్నవాళ్లకి నేను జవాబు చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. నేను కాదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"నువ్వెందుకొచ్చావో నేనూ అందుకే."

అది అబద్ధం కాదని అయాంతికి అతని గొంతులోనే తెలిసింది. ఒక్క క్షణం హాయిగా అనిపించింది, మరుక్షణం మళ్లీ భయం. నాన్న కాదు, రుడాల్ఫ్ కాదు, లిన్వాల్ కాదు. ఇంకెవరున్నారు?

ఇద్దరి మాటలూ విననట్టు కోళ్లు తిరగేస్తున్న లిన్వాల్ అప్పుడు కాస్త బెరుగ్గా దగ్గరికొచ్చాడు. అమ్మ తనను బాగా తిట్టుకుంటోందా అని అయాంతిని అడిగాడు. ఎందుకంది. గురువారం సాయంత్రం ఒక మంచి పీపా తెచ్చి బొగ్గుల గదిలో పెడతానని యుడోరాకు మాటిచ్చాడట. వ్యాను మొరాయించింది, పొయ్యిల పని మీద పడింది, మర్చేపోయాడు. ఇదిగో, ఆ పీపా ఇంకా ఇక్కడే ఉందంటూ గోడ పక్కకు చూపించాడు.

అయాంతి ఆ పీపా వైపు చూసింది.

యుడోరా రెండేళ్లకోసారి నెవిస్‌లో ఉన్న చెల్లెలు ఓర్లీన్‌కు ఒక పీపా నింపి పంపుతుంది. అది ఆమె ఒక్కదాని అలవాటు కాదు. ఆ వీధిలో ప్రతి ఇంటివాళ్లూ పంపుతారు. బియ్యం, సబ్బులు, డబ్బా చేపలు, పిల్లల బూట్లు, ఏది దొరికితే అది కుక్కి, నోటికి కాన్వాసు గుడ్డ కుట్టి ఓడకెక్కిస్తారు. ఈసారి పీపా శుక్రవారం మధ్యాహ్నమంతా నింపింది.

"అమ్మ పీపా పొద్దున్నే లారీ ఎక్కిపోయింది కదా," అంది అయాంతి నెమ్మదిగా.

పొయ్యి మీద కొవ్వు చిటపటలాడింది.

జొసైయా టోపీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. రాత్రి భోజనాల దగ్గర యుడోరా ఏమందో గుర్తుందా అని కూతుర్ని అడిగాడు. గుర్తుంది. లిన్వాల్ గాడు అడుగు సొట్టపోయిన పీపా అంటగట్టాడనీ, లోపల చూస్తే బట్టతల మనిషి కింద కూర్చున్నట్టు అడుగు పైకి పొంగి ఉందనీ, దాని మీద రెండు దుప్పట్లు పరిస్తే గానీ సర్దటం కుదరలేదనీ అరగంట తిట్టింది. బయటనుంచి సెల్విన్ గిన్నెలా లోపలికి దించిన మొహం, పీపాలోకి తొంగి చూసినవాళ్లకు బుడిపెలాగే కనబడుతుంది మరి.

"అమ్మే," అంది అయాంతి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ముందు డ్రమ్ము సంగతి చూద్దాం. మీ అమ్మ సంగతి తర్వాత. లిన్వాల్, వ్యాను నడుస్తుందా?"

"తోస్తే నడుస్తుంది, పెద్దాయనా."

ఓడ సామాను గోదాము కాలువ అవతల ఉంది. లివర్‌పూల్ వెళ్లే లారీ నాలుగింటికి బయల్దేరుతుంది. కోడి కోసం నిలబడ్డ వాళ్లంతా కలిసి వ్యాను తోశారు. లిన్వాల్ ఏప్రాన్ విప్పకుండానే స్టీరింగు పట్టాడు, వెనక ఖాళీ పీపా దొర్లకుండా అయాంతి, జొసైయా చెరోవైపు కాలు అడ్డం పెట్టి కూర్చున్నారు.

వంతెన మీద పోలీసు ఆపాడు. అది మామూలే. నల్లవాళ్లు ముగ్గురు ఒక వ్యానులో ఉంటే ఆపకుండా వదిలిన రోజే వాళ్లు ఇంటికెళ్లి చెప్పుకుంటారు. పీపా ఎవరిదన్నాడు, ఎక్కడిదన్నాడు, ఖాళీ పీపా పట్టుకుని అంత తొందరేమిటన్నాడు. జొసైయా రెండు చేతులూ కనబడేలా పెట్టి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో మాట చొప్పున జవాబిచ్చాడు. అయాంతి గడియారం ముల్లు కదలడం చూస్తూ కూర్చుంది. చివరికి పోలీసు లోపలికి తొంగిచూసి ఆమె కోటు గుర్తుపట్టాడు. రోజూ ఆమె బస్సులోనే స్టేషనుకు వెళ్తాడట. సరే పొమ్మన్నాడు. వంతెన దాటాక లిన్వాల్, సోమవారం నుంచి ఆ మనిషిని ప్రతి స్టాపులోనూ దింపి, ఎక్కడినుంచి వస్తున్నావు, సంచిలో ఏముంది అని అడగమన్నాడు. జొసైయా నవ్వలేదు గానీ, బిగిసిన పిడికిలి వదిలాడు.

గోదాములో లారీ సగం నిండింది. ఇంకా ఎక్కించని పీపాలు గోడ పొడవునా వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని మీద పెద్ద అక్షరాలతో చిరునామా. ఆంటిగ్వా, డొమినికా, బార్బడోస్, కింగ్‌స్టన్. లారీ ఎక్కబోయే తర్వాతి వరసలో నెవిస్, ఓర్లీన్ పేరు. అయాంతి, జొసైయా చెరోవైపు పట్టి దాన్ని పక్కకు వంచారు. అడుగున గిన్నె, గిన్నెలో సెల్విన్ సుద్దముక్కతో గీసిన మూడు వలయాలు.

అయాంతి కళ్లు మూసుకుంది.

గోదాము కాపలాదారు ఆర్నాల్డ్ నోట్లో పొగాకు పైపు తియ్యకుండా వచ్చాడు. సంగతి విన్నాడు. విచారంగా తల అడ్డంగా ఊపాడు.

"కుట్టిన పీపా నేను విప్పనివ్వనమ్మాయ్. పంపినావిడ వచ్చి విప్పమంటే విప్పుతా. అది ఇక్కడి పద్ధతి."

"పంపినావిడ నా పెళ్లాం," అన్నాడు జొసైయా. "పొద్దున్నుంచి ఆ దొంగని తిడుతూ వీధి వీధీ తిరుగుతోంది. ఇప్పుడు ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి, దొంగవి నువ్వేనని మీరు చెప్తారా, నేను చెప్పనా?"

ఆర్నాల్డ్ నోట్లోంచి పైపు తీశాడు. ఆయనకూ పెళ్లయింది. వచ్చింది ఒక పీపా, పోవాల్సింది ఒక పీపా, లోపలి సామాను మారనంతవరకు తన కళ్లు లారీ వైపు ఉంటాయన్నాడు.

జొసైయా జేబుకత్తితో కుట్లు తెంపాడు. లిన్వాల్ కొత్త పీపా పక్కన పెట్టాడు. సామాను ఒక్కొక్కటీ చేతులు మారింది. బియ్యం సంచులు, సబ్బులు, చేపల డబ్బాలు, ఎనామిల్ గ్లాసులు, పిల్లల బూట్లలో కుక్కిన మేజోళ్లు, బాప్టిజం గౌను. సగం దిగాక జొసైయా చేతికి ఒక గోధుమరంగు ప్యాంటు వచ్చింది. ఆయన దాన్ని విప్పి, వెలుగులో పట్టి, నడుం దగ్గర కొలత చూశాడు. ఈస్టర్ నుంచి ఆయన ఇల్లంతా వెతుకుతున్న ఆదివారం ప్యాంటు అది. ఎక్కడుందని అడిగినప్పుడల్లా యుడోరా, నీ వస్తువులు నువ్వు చూసుకోలేవా అని ఎదురు తగులుకునేది.

"ఓర్లీన్ పిన్ని మొగుడికా?" అంది అయాంతి, నవ్వు ఆపుకుంటూ.

జొసైయా ప్యాంటు మడతపెట్టి, కొత్త పీపాలో బియ్యం పక్కన జాగ్రత్తగా పెట్టాడు. లోపలి సామాను మారకూడదు కదా.

ఆఖరున రెండు దుప్పట్లు వచ్చాయి. డ్రమ్ము ఖాళీ అయింది. ఆర్నాల్డ్ లారీ వైపు చూడటం మానేసి దగ్గరికొచ్చాడు. ఇంత గొడవా ఈ డబ్బా కోసమేనా, అసలిది ఏమంటుందో వినిపించమని, మూతలు బిగించే రబ్బరు సుత్తి ఇచ్చాడు.

అయాంతి డ్రమ్మును తిరగేసి రెండు చెక్కల మీద నిలబెట్టింది. ఒక వలయం మీద మెత్తగా ఒక దెబ్బ వేసింది. శబ్దం చెవికి కాదు, ముందు పాదాలకు తెలిసింది. రేకుల కప్పు సన్నగా వణికింది. గోడ పక్క పీపాలు వరస వరసంతా దానికి బదులు పలికాయి. రెండోది. మూడోది. ఆ తర్వాత మూడూ కలిపి, పాట చివరి వరస.

లారీ డ్రైవరు దిగి వచ్చి నిలబడ్డాడు. జొసైయా టోపీ చేతుల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. ఇంట్లో సాధన జరిగినప్పుడల్లా ఆయన బయటికి వెళ్లిపోయేవాడు. కూతురు వాయించగా వినడం ఇదే మొదలు.

"ఇంకోసారి వాయించు," అన్నాడు.

వాయించింది.

"మా తమ్ముడి రోజుల్లో విన్నది ఇది కాదు," అని, వెనక్కి తిరిగి కాన్వాసు కుట్టడం మొదలుపెట్టాడు. భార్య కుట్టిన సన్నటి కుట్ల పక్కన ఆయన కుట్లు రైలు పట్టాల్లా ఉన్నాయి.

వాళ్లు పార్కు చేరేసరికి రుడాల్ఫ్ బ్యాండు వాయించడం అయిపోవచ్చింది. వేదిక వెనక సెల్విన్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. కొత్త చొక్కా వేసుకున్న మేనల్లుడు అప్పటికే అయిదు డ్రమ్ముల మధ్య నిలబడి వేళ్లు విరుచుకుంటున్నాడు. జనం పక్కకు తప్పుకున్నారు. ఆ దారిలో జొసైయా లిబర్డ్ డ్రమ్మును భుజం మీద పెట్టుకుని నడిచి వచ్చాడు. దాన్ని దాని చోట దించి, ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, పక్కకు జరగమన్నాడు.

సెల్విన్ డ్రమ్ము మొహం మీద చెవి ఆనించి, వేలితో తట్టి, శ్రుతి చెక్కుచెదరలేదని చూసుకుని, ఎక్కడ దొరికిందని అడిగాడు. తర్వాత చెప్తానంది అయాంతి. బియ్యం వాసనెందుకొస్తోందన్నాడు. అదీ తర్వాతే.

ఆ సాయంత్రం బ్యాండు వాయించిన పాట గురించి చాపెల్‌టౌన్‌లో చాలామంది చాలా రకాలుగా చెప్తారు. రెండో వరసలో అయాంతి ఒక స్వరం దగ్గర తడబడిందని రుడాల్ఫ్ అంటాడు, అది నిజమే. కానీ పాట చివరికొచ్చేసరికి ఆమె ఆరు డ్రమ్ముల మధ్య బొంగరంలా తిరిగింది. ఆరోదాని మీద దెబ్బ పడ్డప్పుడల్లా గడ్డి మీద కూర్చున్నవాళ్లు లేచారు, లేచినవాళ్లు ఊగారు. పాస్టరుగారి భార్య అటూ ఇటూ చూసి తనూ ఊగింది. బ్యాండు పెద్దలు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. సోమవారం ఊరేగింపుకు ఈ పిల్లే వాయిస్తుందని వాళ్లలో ఒకాయన సెల్విన్ చెవిలో అరిచాడు. మేనల్లుడి మామ ఆయనే. ముందు వరసలో జొసైయా, టోపీ గుండెకు ఆనించుకుని, ఆఖరి స్వరం ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

చప్పట్లు ఆగకముందే యుడోరా వేదికెక్కింది.

కూతుర్ని గట్టిగా కౌగిలించుకుంది, నుదురు తుడిచింది, ఆ తర్వాత వ్యాఖ్యాత చేతిలోంచి మైకు లాక్కుంది. దేవుడు పైనుంచి చూస్తున్నాడని పార్కు మొత్తానికి చెప్పింది. ఈ పిల్ల కష్టాన్ని దొంగిలించాలని చూసినవాడికి సిగ్గూశరం లేదంది. వాణ్ణి ఇవాళ ఇక్కడే, ఈ వేదిక మీదే నిలబెట్టాలంది. ముందు వరసలో ఉన్న భర్తను వేలు పెట్టి చూపించి, డ్రమ్ము ఈయన భుజం మీద ఎలా వచ్చిందో అందరూ చూశారు కదా, ఇంకా చెప్పేదేముంది అంది. జనం జొసైయా వైపు తిరిగారు. లిన్వాల్ కోడికాలు నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అయాంతి తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్లి మాట్లాడుకుందామని చెవిలో చెప్పింది.

"గుసగుసలేంటే? నీకు తెలుసన్నమాట. తెలిసీ దాస్తున్నావా, మీ నాన్నని కాపాడటానికి?"

"నాన్న కాదమ్మా."

"మరెవరు? భయపడకు. ఇదిగో మైకు. చాపెల్‌టౌన్ అంతా వినాలి. ఆ దొంగ పేరు గట్టిగా చెప్పు."

అయాంతి కిందకి చూసింది. జొసైయా టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనిపించింది. కానియ్యమన్నట్టు తలూపాడు.

అయాంతి మైకు నోటి దగ్గరికి తీసుకుంది.

"యుడోరా లిబర్డ్," అంది.